పచ్చికే పక్కకు జరిగే స్టేడియం

ప్రశ్న: లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ స్టేడియంలో ఫుట్‌బాల్‌తో పాటు అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు కూడా జరుగుతాయని విన్నాను. ఒకే పచ్చికపై రెండు ఆటలూ ఆడితే అది పాడైపోదా?

జవాబు: పాడవుతుంది, అందుకే అక్కడ ఒకదానిపై ఒకటిగా రెండు మైదానాలు ఏర్పాటు చేశారు. ఫుట్‌బాల్ ఆడే సహజమైన పచ్చిక నిలువునా మూడు భాగాలుగా విడిపోయి, ఉక్కు ట్రేలతో సహా చక్రాల మీద దక్షిణ స్టాండు కిందికి వెళ్లిపోగా, దాని అడుగున ఉన్న కృత్రిమ పచ్చిక బయటపడుతుంది. ఒక్కో ట్రే 3,000 టన్నులకు పైగా బరువున్నా, ఈ పని అరగంటలోపే ముగుస్తుంది. ఇంజనీర్ల నేర్పుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ క్రీడామైదానంలోనూ నాకు కనిపించలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌తో పాటు బాక్సింగ్ పోటీలూ సంగీత కచేరీలూ ఇక్కడ జరుగుతున్నాయి. 2021లో ఆంథొనీ జాషువాను ఒలెక్సాండర్ ఉసిక్ ఓడించింది ఇక్కడే.

ఇక చరిత్ర విషయానికి వస్తే, టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ క్లబ్బు 1899 నుంచి వైట్ హార్ట్ లేన్ అనే పాత మైదానంలో ఆడింది. 2017 మే నెలలో చివరి ఆట ముగిశాక దానిని కూల్చి, దాదాపు అదే స్థలంలో 62,850 మంది కూర్చునే కొత్త స్టేడియాన్ని కట్టి, 2019 ఏప్రిల్ 3న క్రిస్టల్ ప్యాలెస్ జట్టుతో జరిగిన లీగ్ పోటీతో ప్రారంభించారు. దక్షిణ స్టాండు ఒకే అంతస్తుగా లేచి 17,500 మందికి చోటిస్తుంది. దాని పైకప్పు మీద, బంతిపై నిలిచిన బంగారు రంగు కోడిపుంజు, అంటే క్లబ్బు చిహ్నం, మైదానాన్ని చూస్తూ ఉంటుంది.