పడవ ఎక్కే రోజు షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. నాకు 57 ఏళ్లు. ఏడేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్ర, ఆ తర్వాత టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ మాత్ర వేసుకుంటాను. జనవరిలో అబ్బాయివాళ్లతో అండమాన్ వెళ్తున్నాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి గైడుతో ఒక్కరోజులో హేవ్‌లాక్ దీవి చూసి రావాలి. తెల్లవారుజామున 5 గంటలకే బయల్దేరాలట. నాకు అరకు ఘాట్ రోడ్డులోనే వాంతులవుతాయి. వాంతుల మాత్ర, షుగర్ మాత్ర రెండూ వేసుకోవచ్చా? నీళ్లలో దిగి చేపలు చూడొచ్చంటున్నారు, దిగొచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: నిశ్చింతగా వెళ్లి రండి. ఆ రెండు మాత్రలకూ ఒకదానితో ఒకటి పెద్ద పేచీ లేదు. చిక్కంతా టిఫిన్ వేళతోనే. ఇంట్లో అలవాటు కొద్దీ హోటల్ గదిలో లేవగానే షుగర్ మాత్ర వేసేసుకున్నారనుకోండి. పడవలో వాంతయితే తిన్నది బయటికి వచ్చేస్తుంది. గ్లిమెపిరైడ్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది, ఇన్సులిన్ ఊరుతూనే ఉంటుంది. షుగర్ పడిపోతుంది. అప్పుడు పట్టే చెమట, నీరసం, మగత చూసి పక్కవాళ్లు 'వాంతుల మాత్ర మత్తులే, పడుకోనివ్వండి' అంటారు. అసలు ప్రమాదం అదే.

కాబట్టి ఆ రోజు గడియారాన్ని కాదు, కంచాన్ని చూసి మాత్ర వేసుకోండి. బయల్దేరే ముందు ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో, మాత్ర లేకుండా తినండి. ఖాళీ కడుపుతో ఎక్కితే వికారం ఎక్కువవుతుంది, నూనె పూరీలు తిని ఎక్కినా అంతే. పడవ ప్రయాణం రెండు గంటలు అటూ ఇటూ. దిగాక, టిఫిన్ ఎదురుగా వచ్చాకే షుగర్ మాత్ర. తినబుద్ధి కాకపోతేనో, తిన్నది కడుపులో నిలవకపోతేనో ఆ పూట మాత్ర మానేయండి. ఒక్కపూట షుగర్ 220 ఉన్నా కొంపలేమీ మునగవు. సముద్రం మధ్యలో 50కి పడితే మాత్రం కష్టం.

మగతగా, చెమటగా ఉంటే ఊహించుకోవద్దు, గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. అప్పటికీ పెరగకపోతే మరో మూడు చెంచాలు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదని అబ్బాయికి చెప్పి ఉంచండి.

ఇక వాంతుల మాత్ర. చాలామంది ఆండన్‌సెట్రాన్ సంచిలో వేసుకెళ్తారు. కడుపు పాడై వచ్చే వాంతికి అది మంచిదే, కానీ పడవ ఊపుకి పెద్దగా పనిచేయదు. ఎందుకంటే ఈ వికారం పుట్టేది కడుపులో కాదు, లోపలి చెవి చెప్పేదీ కళ్లు చెప్పేదీ కలవకపోవడం వల్ల. దీనికి ప్రోమెథజైన్ థియోక్లేట్ 25 మి.గ్రా. (అవోమిన్) వాడతాం. ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు ఒకటి వేసుకుంటే మత్తు చాలావరకు నిద్రలోనే పోతుంది. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే మాత్రం మీ డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. మగవాళ్లలో ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకూ ఇదే మాట. ప్రయాణానికి వారం ముందే ఓ శనివారం రాత్రి ఇంట్లో వేసుకుని, ఆదివారం ఎంత మగతగా ఉందో చూసుకోండి. పడవలో కింది అంతస్తులో, మధ్య వరసలో కూర్చోండి. ఫోన్ చూడకుండా దూరంగా సముద్రం, ఆకాశం కలిసేచోటు చూడండి.

ఉక్కపోత మనకు కొత్తా అనుకోవద్దు. అండమాన్ మనకంటే తూర్పున ఉన్నా గడియారం ఒకటే, కాబట్టి అక్కడ సూర్యుడు సుమారు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. జనవరిలో సుమారు 11.30కే నడినెత్తికొస్తాడు. బాత్‌రూమ్ దొరకదని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ చేసే మందు ఉంది. రెండూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఆ ఒక్కరోజుకి దాన్ని సాయంత్రం తిరిగొచ్చాక వేసుకోవచ్చేమో మీ డాక్టర్‌ను ముందే అడగండి. వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ తాగండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. షుగర్ ఉన్నవాళ్లూ తాగొచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లయితే కొబ్బరినీళ్లు లెక్కలేకుండా తాగొద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, టెల్మిసార్టన్ కూడా దాన్ని పెంచుతుంది.

నీళ్లలో దిగొచ్చు, లైఫ్ జాకెట్‌తో, గైడు పక్కనుంటే, 20 నిమిషాలకు మించకుండా. దిగే ముందు షుగర్ చూసుకోండి. 100 కంటే తక్కువుంటే ఏమైనా తిని, పెరిగాకే దిగండి. మగతగా ఉంటే ఒడ్డునే ఉండండి. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉంటే మాత్రం ముందు ఇక్కడే గుండె డాక్టర్‌కు చూపించుకోవాలి. స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగడం) జోలికి ఇప్పుడు పోవద్దు.

షుగర్ ఉన్న పాదాలకు ఇసుక వేడి తెలియకపోవచ్చు, పగడపు దిబ్బ గీరినా తెలియదు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకునే దిగండి. అవి కొత్తవైతే, ముందే రెండు వారాలు ఆర్కే బీచ్ ఇసుకలో రోజూ అరగంట నడవండి. కరుస్తాయో లేదో తెలుస్తుంది. గట్టినేల మీదకంటే ఇసుకలో నడకకు రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది కాబట్టి షుగర్ ఎంత దిగుతుందో కూడా తెలుస్తుంది. పగడం గీరుకుంటే మంచినీళ్లు, సబ్బుతో కడిగి, లోపలి రేణువులు పోయేలా రుద్దాలి. రాత్రికి పాదాలు అబ్బాయి చేత చూపించుకోండి. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటి ఉంటే వెళ్లేముందే వేయించుకోండి.

మాత్రలు, మీటర్ పెద్ద బ్యాగులో కాక చేతిసంచిలో, తడవని కవర్లో ఉండాలి. ఒక్కరోజు ప్రయాణమే అయినా రెండు రోజుల మందులు పెట్టుకోండి. సముద్రం బాగోక పడవ రద్దయితే రాత్రి అక్కడే ఉండాల్సి రావచ్చు. తిరిగొచ్చాక మూడు నాలుగు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్‌కు అండమాన్ వెళ్లొచ్చామని మొదటే చెప్పండి. అక్కడ లెప్టోస్పైరోసిస్ (ఎలుకల్లాంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్లు, బురద వల్ల వచ్చే జ్వరం) ఉంది.