బాక్సింగ్ సినిమాకు అభిమాని రాసిన సీక్వెల్ కథపై హక్కు ఎవరిది?

అనుమతి లేకుండా ‘రాకీ’ వంటి సినిమాలోని పాత్రలతో అల్లిన సీక్వెల్ కథపై, అది పూర్తిగా సొంత ఊహే అయినా, అమెరికా చట్టం ప్రకారం అభిమానికి కాపీరైట్ దక్కదు. స్పష్టమైన వ్యక్తిత్వంతో తీర్చిదిద్దిన పాత్రలు కూడా మూలకర్త ఆస్తే కాబట్టి, వాటిపై కట్టిన కొత్త కథ అనధికార అనుసరణగానే మిగులుతుంది. ‘రాకీ 3’ చూసిన ఒక రచయిత 1982లో నాలుగో భాగానికి 31 పేజీల కథ రాసి స్టూడియో ప్రతినిధులతో చర్చించాడు. 1985లో ‘రాకీ 4’ వచ్చాక తన కథనే వాడుకున్నారని దావా వేయగా, 1989లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు అతని కాపీరైట్ వాదనను తోసిపుచ్చింది. ప్రత్యర్థి పేరూ పోటీ జరిగే దేశమూ కొత్తవైతే కథ తనదైపోతుందన్నది చాలామంది అపోహ. ఇక సీక్వెల్‌లో ఒక పాత్రకు ఫలానా నటుడైతే బాగుంటాడని అభిమాని చేసే సూచన ఒట్టి ఆలోచన మాత్రమే. దానిపై కాపీరైట్ ఎవరికీ ఉండదు.