చిన్న మట్టికట్ట వెనుక నిలిచే నీటిని పక్షులకు, జంతువులకు నెలవుగా మార్చడం ఎలా?

పాత మట్టికట్ట, దాని వెనుక చిన్న జలాశయం మీ చేతికి వచ్చాయనీ, పూడిక తీసి లోతు పెంచి, కట్ట పొడవునా చెట్లు నాటి, చేపపిల్లలను వదిలితే జీవులు చేరతాయా అనీ అడిగారు. అలాంటి కుంటనే నేను చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. ఆ మూడు పనులూ ప్రస్తుతానికి ఆపేయండి. ఎందుకో చెబుతాను.

ముందు లోతు సంగతి. సాగుకైతే ఎంత లోతుంటే అంత మేలు. జీవులకు ముఖ్యం నీటి అంచు. నేల నెమ్మదిగా వాలుతూ నీటిలోకి దిగే చోట, చీలమండ మునిగే లోతు నుంచి మోకాలి లోతు వరకు ఉండే మేరలోనే కుంట బతుకంతా ఉంటుంది. అక్కడ ఎండ అడుగుదాకా పడుతుంది, నీటిమొక్కలు పెరుగుతాయి, వాటిని అంటిపెట్టుకుని పురుగులు, నత్తలు, తూనీగ పిల్లలు ఉంటాయి. బురదలో ముక్కు గుచ్చి తినే చిన్న ఉల్లంకి పిట్టలకు 10 సెంటీమీటర్ల నీరు కూడా ఎక్కువే. తల ముంచి మేసే బాతులు సుమారు 30 సెంటీమీటర్ల లోతు వరకే అడుగును అందుకోగలవు. యంత్రం పెట్టి ఒడ్డంతా నిటారుగా కోయిస్తే వీటన్నిటికీ చోటు పోతుంది. పూడిక తీయక తప్పదనుకుంటే కట్టకు దూరంగా ఒక మూలన మడుగులా తవ్వించండి. వేసవిలో తాబేళ్లు అక్కడ తలదాచుకుంటాయి. కట్ట మొదట్లో మాత్రం గునపం కూడా దించకండి. నీరు కిందికి ఇంకిపోకుండా అక్కడి ఒండ్రుమట్టి ఆపుతూ ఉండవచ్చు.

వేసవిలో నీరు వెనక్కి తగ్గుతుంటే కంగారు పడనక్కర్లేదు. దిగే నీరు రోజూ కాస్త కొత్త బురదను బయటపెడుతుంది, పక్షులకు అది మేత. మా కుంటలో అలా ఎండిన గులకనేల మీదే తీతువు గుడ్లు పెడుతుంది. గూడంటూ ఉండదు. చిన్న గుంట, దాని చుట్టూ నాలుగు రాళ్లు, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న గుడ్లు. పాదం పక్కనే ఉన్నా కంటికి ఆనవు. తల్లి తలపైన తిరుగుతూ అరుస్తుంటే నేను వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడుస్తాను. మార్పు నెమ్మదిగా జరగడం మాత్రం అవసరం. తూము ఒక్కసారిగా ఎత్తి నీరు వదిలితే జమ్ముకు ఆనుకుని తేలే బుడుబుంగ గూడు నేలకు దిగిపోతుంది, ముంగిసకో కుక్కకో అందుతుంది. అందుకే పక్షులు పొదిగే కాలంలో తూము జోలికి వెళ్లకండి.

ఇక కట్ట. దాని మీద గడ్డి తప్ప ఏదీ పెరగనివ్వకూడదు. ఈ విషయంలో నేను ఏమాత్రం మెత్తబడను. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, ఆ సొరంగమే నీటికి దారి అవుతుంది. గాలివానకు చెట్టు కూలితే వేళ్లతో పాటు కట్టను పెళ్లగిస్తుంది. పొదలు కమ్ముకుంటే పందికొక్కుల బొరియలు, ఊటలు కనిపించవు. కట్ట మీద చాలాకాలంగా ఉన్న పెద్ద చెట్లను మాత్రం తెలిసిన ఇంజనీరుకు చూపించకుండా కొట్టించకండి. నాటాలనుకున్నవి ఎగువ ఒడ్డున నాటండి. నీటిలో ఎండి నిలిచిన మోడు ఉంటే ఉండనివ్వండి. లకుముకి పిట్టలకు, నీటికాకులకు అంతకంటే మంచి ఆసరా ఉండదు.

వానలు పడుతున్నన్నాళ్లూ కట్ట దిగువ పాదం వెంట నడవండి. కొంత ఊట మట్టికట్టకు సహజం. చెమ్మ కనబడితే ఆ నీటిని గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. తేటగా ఉండి, ఊట పెరగకపోతే గమనిస్తూ ఉంటే చాలు. అడుగున మన్ను పేరుకుంటే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. దిగువన ఉన్నవారిని వెంటనే హెచ్చరించి ఇంజనీరును పిలవాలి. 1976 జూన్ 5న అమెరికాలోని టీటన్ మట్టి ఆనకట్ట ఇలాగే పోయింది. ఉదయం బురద ఊట కనబడింది, మధ్యాహ్నం 12 కొట్టేలోపే కట్ట తెగింది, 11 మంది ప్రాణాలు కోల్పోయారు. అది చాలా పెద్ద కట్ట. చిన్న కట్టలోనూ మట్టి కొట్టుకుపోయే తీరు అదే.

ఇంకాస్త నీరు నిలుస్తుందన్న ఆశతో, మిగులు నీరు పొర్లిపోయే అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చకండి. వరద కట్ట మీదుగా పొర్లితే పొడివైపు మట్టిని కోసేస్తుంది, గండి పడుతుంది. అలుగు పారేటప్పుడు కూడా నీటికీ కట్ట తలకూ మధ్య అర మీటరు నుంచి మీటరు వరకు ఖాళీ ఉండాలి.

చేపల విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది: వదలకండి. చేపలు లేని నీటిలో కప్పలు దండిగా పెరుగుతాయి, తోకకప్పలను తినేవి తక్కువ కాబట్టి. బంగారుతీగ చేప అడుగును కెలికి నీటిని బురదగా మారుస్తుంది, ఎండ అందక మొక్కలు చస్తాయి. దోమల కోసమని గంబూసియా అనే చిన్న చేపను వదలమని సలహా ఇస్తారు. సొంత ప్రాంతం దాటి పాకి స్థానిక జీవులకు చేటు తెచ్చే జాతుల్లో అది ప్రపంచంలోనే పేరుపడ్డది. దోమ పిల్లలను తూనీగ పిల్లలూ తింటాయి. గుర్రపుడెక్క ఒక్క మొక్క కనబడినా ఆ రోజే పీకి ఒడ్డుకు దూరంగా ఎండబెట్టండి.

మీరు అడగలేదు గానీ, పశువులు రాకుండా చుట్టూ కంచె వేయాలన్న ఆలోచన ఎలాగూ వస్తుంది. భరత్‌పూర్‌లోని కియోలాదేవ్ పక్షుల నెలవు 18వ శతాబ్దంలో వేసిన అజాన్ అనే మట్టికట్ట పుణ్యమే. అక్కడ 1982లో పశువుల మేతను నిషేధించాక గేదెలు మేసే గడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగి తేటనీటిని కమ్మేసింది, నీటిపక్షులకు చోటు తగ్గింది. పశువులు కట్ట ఎక్కకుండా మాత్రం చూడండి, వాటి గిట్టలు వాలును కోసేస్తాయి. ఒడ్డున ఒక వైపు, పక్షులు పొదగని నెలల్లో, కొన్నిటిని మేయనివ్వండి.

కట్ట ఎత్తు, అలుగు వెడల్పు, నీరు పారి వచ్చే నేల విస్తీర్ణం, దిగువన ఇళ్లున్నాయా లేదా అన్నవి రాయండి. ఇళ్లుంటే మిగతా పనులకంటే ముందు కట్టను ఇంజనీరుకు చూపించండి. ఏ మార్పుకైనా జలవనరుల అధికారుల అనుమతి అవసరమేమో కూడా అప్పుడే కనుక్కోండి.