కోసే ముందు అంచు తీసెయ్

చిట్టితల్లీ,

కడుపు ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే ఆడవాళ్ల హక్కు మీద నువ్వు చేస్తున్న కాలేజీ ప్రాజెక్టు కోసం పంపిన టీషర్టు డిజైన్ చూశాను. తెల్లగుడ్డ మీద గర్భసంచి బొమ్మ, కింద ఇంగ్లీషు నినాదం. గీత చక్కగా ఉంది. కానీ దాన్ని ఎవరు తొడుక్కుంటారే? మీ కాలేజీ పిల్లలు. వాళ్లకి ఆ సంగతులు ముందే తెలుసు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లలో ఒక్కరు కూడా వేసుకోరు.

గర్భస్రావం హక్కు కోసం పోరాడిన అర్జెంటీనా ఆడవాళ్లు గుర్తుగా కట్టుకున్న ఆకుపచ్చ రుమాలు గురించి నువ్వే కదా నాకు చెప్పావు. నేను దాన్ని దర్జీ కళ్లతో చూశాను. చదరపు గుడ్డని మూలకి మడిచి కోస్తే రెండు రుమాళ్లు. డార్టు లేదు, కొలత లేదు, సన్నానికీ లావుకీ ఒకటే. మెడకి చుట్టుకోవచ్చు, సంచికి ముడేసుకోవచ్చు. దానికంటే ముందు, 1977లో, సైనిక పాలనలో మాయమైన తమ బిడ్డల కోసం వీధికెక్కిన తల్లులు తలకి కట్టుకున్నవి పిల్లల పొత్తిగుడ్డలట! ఆకుపచ్చ రుమాలు 2003లో రొసారియోలో జరిగిన మహిళల సభలో మొదలైంది. 14 వారాల దాకా గర్భస్రావానికి హక్కు ఇస్తూ చట్టం గట్టెక్కింది 2020 డిసెంబరు 30న. పదిహేడేళ్లు పట్టింది. నీ ప్రాజెక్టుకి మూడు నెలలే ఉన్నాయని కంగారుపడకు.

మనకి గర్భస్రావం చట్టం 1971 నుంచీ ఉంది. అది ఉందన్న కబురే మన ఆడవాళ్లకి చేరలేదు. అందుకని నువ్వు కుట్టాల్సింది లంగా. బొందు పక్కన దొంగజేబు పెట్టు. అందులో అరచేతి వెడల్పు నూలుగుడ్డ ముక్క. దాని మీద తెలుగులో నాలుగే మాటలు: పద్దెనిమిది నిండితే నీ సంతకం చాలు, మొగుడిదీ అత్తదీ అక్కర్లేదు. 20 వారాల దాకా ఒక డాక్టరు ఒప్పుకోవాలి, ఆ పైన 24 దాకా చట్టం చెప్పిన కొందరికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. పెళ్లికాని పిల్లకీ ఇదే వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. నీ పేరు బయటపెట్టకూడదు. ఫ్యాబ్రిక్ పెయింటు వద్దు, నాలుగు ఉతుకులకి పెచ్చులూడుతుంది. కాడకుట్టుతో కుట్టు. సున్నాలు చిన్నవైతే దారం ముద్దకట్టి ‘ప’కీ ‘వ’కీ తేడా తెలియదు. కుట్టే ముందు ఆ మాటలు ఒక లాయరుకి చూపించు.

ఇక ఆడవాళ్ల మాటలు కుట్టే బొంత సంగతి. ఇది బాగా విను, నేను దెబ్బతిన్నది ఇక్కడే.

మన వైపు ఆడవాళ్లు ‘ఆపరేషన్’ అన్నారంటే ఒకటే అర్థం, ఇక పిల్లలు పుట్టకుండా చేసేది. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది అది చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. నా సంగతి నీకు తెలుసు. రెండో కాన్పుకి నాకు ఇరవై మూడేళ్లు. మీ పెదనాన్న చేత సంతకం పెట్టించుకున్నారు, నన్ను అడిగినవాళ్లు లేరు.

ఇలాంటి మా సంగతులన్నీ బొంత మీద కుడదామని పధ్నాలుగు మందిమి మా వసారాలో కూర్చున్నాం. తలా ఒక పాత చీర తెచ్చారు. నోరు విప్పమంటే ఎవరూ విప్పలేదు. సూది చేతికిచ్చాక, తల వంచుకుని టాకాలు వేస్తూ ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. ఎదుటివాళ్ల మొహం చూడక్కర్లేదు కదా. పేర్లు ఎక్కడా కుట్టలేదు. జాగ్రత్తగానే ఉన్నామనుకున్నా. బొంత దండెం మీద ఆరేసిన రోజు ఒకావిడ అత్తగారు అటువైపు వచ్చి, మామిడిపిందెల అంచు పట్టుకుని చూసి, "ఇది మా కోడలి సీమంతం చీర కాదూ!" అంది. ఆ ముక్క మీద ఆ పిల్ల కుట్టుకున్నది అత్తకి తెలియకుండా తీయించుకున్న కడుపు గురించి. ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో రాయను. ఆ పిల్ల మళ్లీ నా గడప తొక్కలేదు.

ఊళ్లో మనిషిని మొహం కంటే ముందు చీరతో గుర్తుపడతారు. కాబట్టి అంచూ పైటకొంగూ తీసెయ్. కుచ్చిళ్ల లోపలి భాగం కొయ్యి, తిరగేసి వాడు. ఎవరి ముక్క వాళ్లే కోసుకోనివ్వు. ప్రదర్శన ముందురోజు వద్దన్నా సరే, ఎందుకని అడక్కుండా విప్పి ఇచ్చెయ్. అందుకే ముక్కల్ని మిషన్‌తో కలపకు, చేత్తో టాకాలు వెయ్. లాగితే ఊడిరావాలి.

పార్సిల్‌లో పది చీరలున్నాయి, అంచులు నేనే తీసేశాను. నీలం వెంకటగిరి మాత్రం నాది, రెండో పురుడయ్యాక పీటల మీద కట్టుకున్నది. దాన్ని అంచుతో సహా వాడుకో. ఎక్కడో మూలన కాకుండా నడిమధ్యన పెట్టు.

మీ పెద్దమ్మ