ఏడాదంతా మూటలు కట్టడం, విప్పడం

ఏడాది చివరికొచ్చేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. జుట్టు రాలడం, అత్తగారితో పేచీలు వెనక్కి పోయి "ఈ ఏడాది మా ఇంట్లో ఏమైందంటే" అని మొదలయ్యేవి ముందుకొస్తాయి. ఈసారి ఇళ్లు మారినవాళ్లు, ఊళ్లు మారినవాళ్లు, తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్లు చాలామంది రాశారు. అన్నింటికీ చోటు చాలదు కాబట్టి, ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం. ఈ ఒక్క ఏడాదిలోనే రెండుసార్లు ఇల్లు మారాం. మావారికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, నేను ఆఫీసులో లెక్కలు చూసే పని మానేసి ఇంట్లోనే అనువాదాలు చేస్తున్నాను. మధ్యలో మూడు ట్రిప్పులు వేశాం. ఫొటోలు చూసినవాళ్లంతా "మీకేం, హాయిగా తిరుగుతున్నారు" అంటారు. నిజంగానే పెద్ద కష్టమేమీ లేదు. కానీ ఒంట్లో ఓపిక ఉండట్లేదు, చిన్నదానికే ఏడుపొస్తోంది. మొన్నొక రాత్రి ఎవరికైనా చెప్పుకుందామని ఫోన్ తీస్తే వందల పేర్లున్నాయి, ఒక్కరికీ చేయబుద్ధి కాలేదు. నాలోనే ఏదైనా లోపం ఉందా?

జవాబు: లోపమేమీ లేదు. లెక్కలు చూసిన చెయ్యి కదా మీది, ఒక లెక్క చెబుతాను. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు అమెరికన్ సైకియాట్రిస్టులు 1967లో ఒక పట్టిక తయారుచేశారు. జీవితంలో వచ్చే 43 రకాల మార్పులు తీసుకుని, ఒక్కోదానికి సర్దుకోవడానికి మనిషి ఎంత అవస్థ పడతాడో చూసి మార్కులు వేశారు. జీవిత భాగస్వామి చనిపోతే 100, పెళ్లికి 50, అలా. అందులో నాకు నచ్చిన సంగతేమిటంటే వాళ్లు మంచి మార్పా చెడ్డ మార్పా అని చూడలేదు, సెలవులకు ఎక్కడికైనా వెళ్లొస్తే దానికీ 13 వేశారు. ఇప్పుడు మీ ఖాతా తీద్దాం. ఇల్లు మారడానికి 20, రెండుసార్లు కాబట్టి 40. పూర్తిగా వేరే రకం పనిలోకి వెళ్లినందుకు 36. మూడు ట్రిప్పులకు 39. చుట్టూ ఉన్న పరిస్థితులు మారినందుకు 25. మొత్తం 140. ఆ పట్టికలో 150 దాటితే ఒంట్లో బాగోకుండా పోయే అవకాశం ఓ మోస్తరుగా పెరుగుతుందని ఉంది. అయితే గీతకు ఇవతలే ఉన్నానుగా అనుకుంటున్నారేమో, ఇంకొకటి మిగిలింది. నలుగురితో కలవడం, మాట్లాడటం తారుమారైతే దానికి 18. ఇప్పుడు 158.

ఇదేమీ రక్తపరీక్ష కాదు, మోటు లెక్క. నన్నడిగితే ఆ 18 కూడా తక్కువే వేశారు. ఎందుకంటే మిగతావన్నీ ఎప్పటికో అప్పటికి సర్దుకుంటాయి, గ్యాస్ కనెక్షన్ వస్తుంది, కొత్త పని చేతికి అలవాటవుతుంది, కానీ మనుషులు అలా బదిలీ కారు. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ హాల్ అనే ఆయన 2018లో స్నేహానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్క తీశారు. ముఖపరిచయం ఉన్నవాళ్లు ఓ మాదిరి స్నేహితులు కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలట, స్నేహితులనిపించుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహితులు కావాలంటే 200 పైచిలుకు. పక్కపక్కనే కూర్చుని ఆఫీసు పని చేసిన గంటలు ఇందులో పెద్దగా కలిసిరావట, ఊసుపోక మాట్లాడుకున్నవే కలుస్తాయట. వారానికి రెండు గంటలు కలిశారనుకోండి, 200 గంటలకు 100 వారాలు పడుతుంది, అంటే ఇంచుమించు రెండేళ్లు. మీరేమో ఏడాదిలో రెండుసార్లు, పిల్లి కూనల్ని తిప్పినట్టు తిరిగారు. మొదటి ఇంటి దగ్గర ముప్ఫయ్యో నలభయ్యో గంటలు పోగయ్యేసరికి లారీ వచ్చేసింది. ఇక ఫోన్‌లో ఏ పేరు నొక్కుతారు?

కాబట్టి "స్నేహితులు చేసుకోవాలి" అని పట్టుపట్టకండి, అది పెళ్లిచూపుల్లా ఉంటుంది. ఒకే చోటికి ఒకే వేళకు వెళ్లండి చాలు. 1950లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది, అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీలో పెళ్లయిన విద్యార్థులు ఉండే ఇళ్లలో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో లియోన్ ఫెస్టింజర్ అనే సైకాలజిస్టు, మరో ఇద్దరు పరిశీలించారు. అభిరుచులూ అవీ తర్వాత, ముందు గుమ్మాలు దగ్గరగా ఉన్నవాళ్లే స్నేహితులయ్యారు, మెట్ల మొదట్లో ఇల్లున్నవాళ్లకైతే పైఅంతస్తువాళ్లు కూడా దోస్తులయ్యారు, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఎదురుపడతారు కాబట్టి. మీ పిల్లలు ఆడుకునే చోట ఒక బెంచీ ఉంటుంది చూడండి, రోజూ అదే వేళకు దాని మీద కూర్చోండి, ఫోన్ ఇంట్లో పెట్టి రండి. మొదటి వారం ఎవరూ పలకరించరు. రెండో వారం ఎవరో ఒకరు "మీవాడేనా ఆ నీలం చొక్కా" అంటారు.

ఇంకో మాట. ఓపిక లేకపోవడం, ఏడుపు వారాల తరబడి ఇలాగే ఉంటే మాత్రం నా శీర్షిక చదువుతూ కూర్చోకుండా డాక్టర్ని కలవండి.

ప్రశ్న: ట్రిప్పులో పది రోజులు పది నిమిషాల్లా గడిచిపోయాయి. తిరిగొచ్చి తలుచుకుంటే నెల్లాళ్లు తిరిగినట్టుంది. ఆఫీసులో దీనికి సరిగ్గా రివర్సు. నాకేనా ఇలా?

జవాబు: అందరికీ ఇంతే. కొత్త సంగతులతో నిండిన కాలం గడిచేటప్పుడు పొట్టిగా, వెనక్కి తిరిగి చూస్తే పొడుగ్గా అనిపిస్తుందని అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లోనే రాశారు. ఆఫీసులో రోజులన్నీ ఒకే రకం, గుర్తుపెట్టుకోవడానికి వాటిలో కొక్కేలేవీ ఉండవు, నెల మొత్తం ఒక్క రోజుగా ముడుచుకుపోతుంది. ట్రిప్పు సుఖం గురించి ఇంకో విశేషం, 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో నెదర్లాండ్స్‌లో 1,530 మందిని అడిగి చూస్తే, సెలవులకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకన్నా హుషారుగా ఉన్నారు, తిరిగొచ్చాక మాత్రం చాలామందిలో ఆ తేడా కనబడలేదు. అంటే అసలు పండగ టికెట్లు బుక్ చేసిన రోజు మొదలవుతుంది. మీ ఇంట్లో ఎక్కడికి వెళ్దామనే వాదన మొదలైతే తొందరగా తేల్చేయకండి, సాగనివ్వండి.

ప్రశ్న: ఏటా డిసెంబరులో బంధువులకూ స్నేహితులకూ మా కుటుంబం కబుర్లన్నీ ఒక ఉత్తరంగా రాసి పంపుతాను. నిరుడు మా ఆడపడుచు "వదినా, ఇది ఉత్తరమా, బయోడేటానా" అంది. మనసు చివుక్కుమంది. ఈ ఏడు మానేయనా?

జవాబు: మానకండి. కానీ ఆడపడుచు మాట కూడా కొట్టిపారేయకండి, ఆమె చదివింది కాబట్టే అనగలిగింది. మీరు జతచేసిన నిరుటి ఉత్తరం చూశాను. మొదటి పేరాలో ప్రమోషన్, రెండో దాంట్లో పాప ర్యాంకు, మూడో దాంట్లో వెళ్లిన ఊళ్ల పేర్లు వరసగా, చివర్లో కొత్త కారు. అన్నీ నిజాలే, ఒక్కటీ అతిశయోక్తి లేదు, అయినా చదివినవాళ్లకు, మీకు తిరిగి చెప్పడానికి తమ దగ్గర ఏమీ లేదనిపిస్తుంది. అయితే రెండో పేజీలో, కార్లోంచి పెట్టె జారిపడి నడిరోడ్డు మీద అందరి బట్టలూ పరుచుకుపోయాయని, మీరూ మీవారూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే పాప నిలబడి వచ్చేపోయే బండ్లకు చెయ్యి చూపిస్తూ దారి మళ్లించిందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారే, అమ్మా, ఉత్తరమంటే అది! దాన్ని అరపేజీ రాయాల్సింది.

ఈసారి ఇలా చేసి చూడండి. ముందు ఫోన్‌లో ఫొటోలు నెల నెలకూ తిరగేయండి, నిలబడి దిగినవి కాదు, పొరపాటున పడ్డవి. వాటిల్లోంచి మూడు సంగతులు ఏరుకోండి, అందులో ఒకటైనా మీరు భంగపడ్డది ఉండాలి. ర్యాంకులూ జీతాలూ ఎవరైనా అడిగితే చెప్పుకోవచ్చు. ఉద్యోగం మారితే కొత్త హోదా కాదు, పాత ఆఫీసులో చివరి రోజు ఏమైందో రాయండి. ఒక పేజీ దాటొద్దు. అచ్చు అందరికీ ఒకటే అయినా అడుగున రెండు లైన్లు మాత్రం ఎవరికి వాళ్లకు చేత్తో రాయండి, ఆ రెండు లైన్లలో ఒక ప్రశ్న ఉండాలి, "మీ మోకాలి నొప్పి ఎలా ఉంది" లాంటిది. అప్పుడు జవాబొస్తుంది. మీ ఆడపడుచుకు పంపేదాంట్లో అయితే బయోడేటా సంగతి మీరే ముందుగా ఎత్తండి, ఆమె నవ్వుకుంటుంది.

ప్రశ్న: కొత్త ఊరు, కొత్తగా ఉద్యోగం వెతుక్కోవాలి. దగ్గరి స్నేహితులెవరూ లేరు ఇక్కడ. ఎవరు సాయం చేస్తారు?

జవాబు: దగ్గరివాళ్లు కాదు, అంతంతమాత్రం పరిచయం ఉన్నవాళ్లు. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లో ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతే తేల్చారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఆ తెలిసినవాళ్లను తరచూ కలిసేవారు 17 శాతం లోపే. అప్పుడప్పుడు కలిసేవారు 55 శాతం పైనే, మిగతావాళ్లు ఎప్పుడో గానీ కలవనివారు. దగ్గరి స్నేహితుడికి తెలిసింది మీకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు రావాలంటే వేరే గుంపులో తిరిగే మనిషి కావాలి. పాత ఆఫీసులో కలిసి టీ తాగినవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి, మొహమాటం తర్వాత.

ప్రశ్న: ఊరు మారాక చిన్ననాటి స్నేహితురాలికి రెండేళ్లుగా ఫోన్ చేయలేదు. ఇప్పుడు చేస్తే "ఏం పని పడిందో" అనుకుంటుందేమో.

జవాబు: అనుకోదు. పెగ్గీ లియూ అనే ప్రొఫెసరు, ఆమెతో పనిచేసినవాళ్లు 2022లో ఇదే పరీక్షించారు. ఊరికే పలకరించినప్పుడు అవతలివాళ్లకు ఎంత సంతోషమవుతుందో, పలకరించేవాళ్లు దాన్ని తక్కువగా ఊహించుకుంటారని తేలింది. పైగా అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే ఆ సంతోషం ఇంకా ఎక్కువట. రెండేళ్ల సంజాయిషీ మాత్రం మొదలుపెట్టకండి, అది వినడం ఆమెకు శిక్ష. "నువ్వు గుర్తొచ్చావే" అని ఎందుకు గుర్తొచ్చిందో చెప్పండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్లవాడు పాత స్కూలు స్నేహితుడి ఫోన్ వస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. వాణ్ని అంత ఇష్టపడేవాడు, ఇప్పుడేంటిలా?

జవాబు: ఇష్టం పోయి కాదు, ఉండబట్టే. ఆ వయసు మగపిల్లలు కూర్చుని కబుర్లు చెప్పుకోరు, కలిసి ఏదో ఒకటి చేస్తారు. ఫోన్ పట్టుకుని "ఏం చేస్తున్నావ్", "ఏం లేదు" అనుకోవడం వాళ్లకు ప్రాణసంకటం. ఇద్దరూ ఫోన్ పక్కన పెట్టుకుని ఒకే బొమ్మ గీయమనండి, ఒకే ఆట ఆడమనండి. మాటలు వాటంతటవే వస్తాయి. సెలవుల్లో ఒకసారి తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి, వీలుకాదని ముందే తెలిస్తే "చూద్దాంలే" అనకండి, పిల్లలు ఆ మాటను తేదీతో సహా గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న: వచ్చే నెల మళ్లీ ఇల్లు మారుతున్నాం. అట్టపెట్టెలు చూస్తేనే టెన్షన్. ఒక్క సలహా చెప్పండి.

జవాబు: ఒక్కటే కదా, పెట్టె పేరు మూత మీద రాయకండి, పక్కన రాయండి. ఒకదాని మీద ఒకటి పేర్చాక మూత ఎవరికీ కనబడదు. ఇది చదివి నేర్చుకున్నది కాదు, ఒకప్పుడు దుప్పట్ల కోసం అర్ధరాత్రి పదకొండు పెట్టెలు దించి నేర్చుకున్నది. అన్నట్టు, మొదటి రాత్రికి కావలసినవి, అంటే దుప్పట్లు, ఛార్జర్లు, మందులు, ఒక కత్తెర, వేరే సంచిలో పెట్టుకుని మీతోనే ఉంచుకోండి, లారీ ఎక్కించకండి. "ఇతరాలు" అని మాత్రం ఏ పెట్టె మీదా రాయొద్దు. మా ఇంట్లో అలాంటిదొకటి మూడిళ్లు తిరిగింది, ప్రతి ఇంట్లోనూ దాన్ని జాగ్రత్తగా అటక మీద పెట్టాం, పోయిన నెల విప్పితే పాత ఇంటి కరెంటు బిల్లులు, ఏ ఫోన్‌కూ సరిపోని మూడు ఛార్జర్లు, ఏ తాళానిదో తెలియని ఒక తాళంచెవి ఉన్నాయి. తాళంచెవి మళ్లీ పెట్టెలోనే వేశాం.