మీథేన్ వాయువును వెలుతురుతో మిథనాల్‌గా మార్చవచ్చా?

మార్చవచ్చు. ప్రయోగశాలల్లో మారుస్తున్నారు కూడా. అసలు కష్టం మిథనాల్ అనే ద్రవ ఆల్కహాల్ దగ్గరే చర్యను ఆపడంలో ఉంది.

మీథేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధం తెగాలంటే మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్లు కావాలి. అందుకే పరిశ్రమల్లో దాన్ని ముందు నీటి ఆవిరితో 700 డిగ్రీల సెల్సియస్ పైన కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లుగా విడగొట్టి, తర్వాత అధిక పీడనంలో మిథనాల్‌గా కలుపుతారు. చుట్టుదారి, పైగా ఖర్చుతో కూడినది.

కాంతి ఉత్ప్రేరకానికి, అంటే వెలుతురును వాడుకుని రసాయన చర్యను వేగపరిచే పదార్థానికి, అంత వేడి అక్కర్లేదు. జింక్ ఆక్సైడ్ వంటి అర్ధవాహకంపై అతినీలలోహిత కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగురుతుంది, దాని చోట ధనావేశపు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్‌ను (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణుభాగాన్ని) పుట్టిస్తుంది. ఈ రాడికల్ మహా చురుకైనది, మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన మిథైల్ రాడికల్ ఆక్సిజన్‌తో కలిసి మిథైల్ హైడ్రోపెరాక్సైడ్, మిథనాల్, ఫార్మాల్డిహైడ్ అవుతుంది. గది ఉష్ణోగ్రత చాలు.

మిథనాల్‌లో అదే బంధం మరింత బలహీనం. కాబట్టి రాడికల్ దాన్నీ వదలదు. చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్. ఉత్ప్రేరకంపై బంగారం, పల్లాడియం సూక్ష్మకణాలు చేర్చి దీన్ని చాలావరకు అదుపు చేస్తున్నారు. కానీ నేలకు చేరే ఎండలో అతినీలలోహిత కాంతి వాటా సుమారు 5 శాతమే. దృశ్యకాంతితో బాగా పనిచేసే పదార్థం దొరకనిదే ఇది కర్మాగారం గడప తొక్కదని నా అభిప్రాయం.