పూత నిలిపే మందు మొక్కల నుంచి తీసినదేనా?

ప్రశ్న: మిరపలో పూత రాలుతోందంటే దుకాణంలో ప్లానోఫిక్స్ ఇచ్చి, 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు కలిపి కొట్టమన్నారు. అది హార్మోన్ అట. మొక్కల నుంచే తీస్తారా? కాస్త ఎక్కువ కలిపితే పూత ఇంకా బాగా నిలుస్తుందా?
– ఒక మిరప రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మొక్కల నుంచి తీసినది కాదు. మొక్క ఆక్సిన్ అనే తన ఎదుగుదల హార్మోన్‌ను, అంటే ఇండోల్ అసెటిక్ ఆమ్లాన్ని, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి చివుళ్లలోను, లేత ఆకులలోను, ఎదిగే గింజలలోను తయారు చేసుకుంటుంది. మీ సీసాలో ఉన్నది ఆక్సిన్‌లా పనిచేసే నాఫ్తలీన్ అసెటిక్ ఆమ్లం. దీనిని కర్మాగారాలలో నాఫ్తలీన్‌కు క్లోరో అసెటిక్ ఆమ్లంతో చర్య జరిపించి చేస్తారు. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండల నాఫ్తలీనే అది. సహజ ఆక్సిన్ మొక్కలోని ఎంజైముల వల్ల, వెలుతురు వల్ల త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఇది అంత తేలికగా లొంగదు కనుకనే పిచికారీకి పనికివచ్చింది. హార్మోన్ మందులన్నీ ఇలాగే తయారవుతాయని అనుకోరాదు. ద్రాక్షకు వాడే జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని, వరి మొక్కలు పాలిపోయి బారుగా సాగిపోయే తెగులుకు కారణమైన శిలీంధ్రాన్నే పులియబెట్టి తీస్తారు. ఆ సాగుడుకు మూలం శిలీంధ్రం వదిలే పదార్థమేనని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురోసావా చూపగా, 1935లో యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు.

ఇక పూత సంగతి. పువ్వులో తయారైన ఆక్సిన్ తొడిమ గుండా కిందికి సాగుతున్నంత కాలం తొడిమ మొదట్లోని కణాల పొర బిగువుగా ఉంటుంది. ఎండ తీవ్రత వల్లనో, నీటి ఎద్దడి వల్లనో, పరాగసంపర్కం జరగకనో ఆ ప్రవాహం సన్నగిల్లితే, ఇథిలీన్ అనే మరో హార్మోన్‌ది పైచేయి అయి, ఆ కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరిగి, పువ్వు ఊడిపోతుంది. పిచికారీ చేసేది ఆ లోటును కొంతకాలం పూడ్చడానికే. ఇది ఎరువు కాదు. నిలిచిన పిందెకు తిండి మీరే పెట్టాలి.

మీకు చెప్పిన మోతాదు సరైనదే. అది సుమారు 10 పీపీఎం, అంటే లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు. ఎక్కువ కలపవద్దు. ఆక్సిన్ మితిమీరితే మొక్క తానే ఇథిలీన్‌ను అధికంగా తయారు చేస్తుంది, పూత మరింత రాలుతుంది. యాపిల్ తోటలలో కాపు దట్టంగా ఉన్నప్పుడు పిందెలను రాల్చి పలచన చేయడానికి వాడేది కూడా ఈ రసాయనమే.

అసలు కొట్టే ముందు నాలుగు పువ్వులు కోసి తెల్లకాగితం మీద దులిపి చూడండి. నల్ల తామర పురుగులు కనిపిస్తే ముందు వాటి పని పట్టాలి. ప్లానోఫిక్స్ వాటిని ఏమీ చేయదు.